పెళ్ళికార్డు మీద పెట్టెలు

అంకులిలోని ధర్మలింగం పెళ్ళికార్డుల షాపుకి ఆ ఉదయం హరీష్ అందరికంటే ముందే వచ్చేశాడు. చమఖండి చేపల వ్యాపారి జగ్గన్న కూతురి పెళ్ళికార్డు మధ్యాహ్నంలోగా చూపించి, ఓనరు మెప్పు కొట్టేసి, పొలసరలో తెరవబోయే బ్రాంచికి మేనేజరైపోవాలని ప్లాను. అడ్డల్లా సౌందర్యే. నిన్నగాక మొన్న చేరిన పిల్ల. "సౌందర్య కార్డు సూడ్రా, అచ్చరాలు ముత్తేల్లా ఉన్నాయి" అని ధర్మలింగం పొగిడినప్పటి నుంచీ హరీష్‌కి అన్నం సహించడం లేదు.

ఇద్దరివీ పైథాన్ ప్రోగ్రాములే. పేర్లిస్తే కార్డు తయారవుతుంది. ఇద్దరికీ ఉన్న తెలుగు ఫాంటు ఒక్కటే. ఆ ఫైలుని మాయం చేస్తే ఆ పిల్ల ముత్యాలు ఎక్కణ్ణుంచి రాలతాయో చూద్దామని, గుట్టుచప్పుడు కాకుండా 'హరీష్ సొంతం' అనే ఫోల్డరులోకి మార్చేశాడు.

సౌందర్య కార్డులు ఆగలేదు. ఆమె ప్రోగ్రాము నిన్ననే ఫైలు తెరిచి, ఫాంటునంతా లోపలికి చదివేసుకుని, ఆపకుండా నడుస్తూనే ఉంది. హరీష్ ప్రోగ్రాము మాత్రం ప్రతి కార్డుకీ ఫైలు పాత చిరునామాకే వెళ్ళి వెతుకుతుంది. అది కాస్తా చేతులెత్తేసింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు మరి.

కొత్త చిరునామా రాసుకుంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల చేసింది తనకు చేతకాదా అని పౌరుషం పొడుచుకొచ్చింది. తనూ ఫైలు తెరిచి, తెరిచిన ఫైలునే ప్రోగ్రాము చేతిలో పెట్టాడు.

పెళ్ళికూతురు సస్మిత పేరు పెద్దక్షరాల్లో దివ్యంగా పడింది. పెళ్ళికొడుకు శంకర్ పేరు చిన్న సైజులో రావాలంటే అదే ఫైలుని మళ్ళీ చదవాలి. మొదటిసారే చివరిదాకా చదివేయడంతో ఇక అక్కడ చదవడానికేమీ మిగల్లేదు. తప్పొస్తే దొరికిన ఫాంటు వాడుకోమని హరీష్ ఎప్పుడో రాసి పెట్టుకున్నాడు. దొరికిన ఇంగ్లీషు ఫాంటుకి తెలుగు రాదు. శంకర్ పేరుండాల్సిన చోట వరసగా ఖాళీ పెట్టెలు పడ్డాయి.

"హరీషన్నా, ఫైలుని మొదటికి తిప్పి మళ్ళీ సదివించాల. సూపించమంటావేటి?" అంది సౌందర్య.

"నాకు తెల్దేటి? నీ పని నువ్వు సూసుకో!"

అంతలో ధర్మలింగం వెంట జగ్గన్న రానే వచ్చాడు. కార్డు అందుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"బాబూ, అల్లుడి పేరు కాడ ఈ పెట్టెలేటి?"

హరీష్ కార్డు వైపు వేలు చూపించాడు. "అది... డిజైనండి."

జగ్గన్న మొహం వెలిగిపోయింది. "సేపల పెట్టెలా! మా అల్లుడిది అదే యాపారమని నీకెవుడు సెప్పాడు బాబూ? కింద పేరు కూడా ఎయ్యి. మా వోళ్ళందరికీ ఇలాటివే కావాల!"

ధర్మలింగం పొంగిపోయి హరీష్ భుజం తట్టాడు. హరీష్ సౌందర్య వైపు మీసం మెలేసినంత పని చేశాడు. పొలసర కళ్ళ ముందు కనబడింది.

"ఇలాటి బుర్రున్నోణ్ణి నేనొదలన్రా," అన్నాడు ధర్మలింగం. "నువ్వు నా కాడే ఉండు. పొలసర సౌందర్య సూసుకుంటాది. అక్కడికి మన తెలుగు ఫాంటు ఆ పిల్లకి ఇచ్చెయ్."

హరీష్ 'హరీష్ సొంతం' తెరిచి, తన చేత్తోనే ఫాంటుని ఆమె పెన్‌డ్రైవ్‌లో వేశాడు.

ఇప్పుడు పొలసరలో పేర్లు పడుతున్నాయి, అంకులిలో పెట్టెలు.