కళాప్రయోజనాల దృష్ట్యా

"నది ఏడుస్తోంది! ఆ కన్నీటిలో గుడ్డ ముంచి, ప్రపంచం కళ్ళముందు ఆరేయడమే నా కళ!"

ఈ మాట అన్నది ఇంజనీరుగారి భార్య. అన్న చోటు ఆవిడ స్టూడియో. మొన్నమొన్నటిదాకా అది కారుషెడ్డే. కారును వీధిలో పెట్టి కళను లోపల పెట్టారు. విన్నవాళ్ళు ఇద్దరు విలేఖరులు, కిటికీలోంచి పక్కింటావిడ, ఓ మూల స్టూలు మీద ఇంజనీరుగారు. విలేఖరులు గబగబా రాసుకున్నారు. పక్కింటావిడ కళ్ళొత్తుకుంది. ఇంజనీరుగారు మాత్రం గోడవంక చూస్తూ కుక్కిన పేనులా కూర్చున్నారు. నది ఎందుకు ఏడుస్తోందో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే మరి!

ఆయన ఊరవతల అద్దకం మిల్లులో మురుగునీటి శుద్ధి విభాగానికి అధిపతి. విభాగమంటే ఏదో అనుకునేరు! ఒక తొట్టి, ఒక మిషను, ఒక బోర్డు, ఒక ఇంజనీరుగారు. అంతే. వీటిలో ఏటా కొత్తరంగు పడేది బోర్డుకే. మిషను కరెంటు ఎక్కువ తింటుందని ఎప్పుడో ఆపేశారు. ఆ తర్వాత దాని నీడన సిబ్బంది స్కూటర్లు పెట్టుకున్నారు, దాని కడుపులో పావురాలు కాపురం పెట్టుకున్నాయి. గుడ్డలకు అద్దగా మిగిలిన రంగునీళ్ళు తొట్టిని పలకరించకుండానే తిన్నగా నదిలోకి పోయేవి. ఇంజనీరుగారు రోజూ పదింటికి వెళ్ళి, మిషను ఆగే ఉన్నదని నిర్ధారించుకుని, సాయంత్రం ఇంటికి వచ్చేవారు.

ఇక ఆవిడ కళ. పద్ధతి చెబుతాను వినండి. తెల్లటి నూలుగుడ్డ తీసుకుని, అంచులకు రాళ్ళు కట్టి, సరిగ్గా మిల్లు పైపు కింద నదిలో ముంచాలి. మర్నాడు తీసి, పెద్ద గంగాళంలో ఆవిరి పట్టాలి. రంగు గుడ్డను కరుచుకుంటుంది. ఆరాక దానిమీద అచ్చులు వేయాలి. అచ్చులంటే చెక్కినవి కావు, నది ఒడ్డుకు విసిరికొట్టినవే. సీసా అడుగున సిరా పూసి ఒత్తితే "జలపుష్పం". టైరు ముక్క ఒత్తితే "కాలచక్రం". తెగిన చెప్పు ఒత్తితే "మానవ ప్రస్థానం". కంపు కొట్టకుండా పైన కాస్త అత్తరు చల్లితే కళాఖండం సిద్ధం!

వంతెన దాటేటప్పుడు కారు అద్దాలు బిగించుకుని ఊపిరి బిగబట్టే అమ్మగార్లందరూ ఆ గుడ్డలు కొని మెడకు చుట్టుకున్నారు. "అబ్బ! కాలుష్యం ఎంత చక్కగా అమరిందో!" అని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

భర్త ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "మావారు నీటిరంగంలో ఉన్నారు" అనేది ఆవిడ. అంతకుమించి ఆ ఇంట్లో ఆ ఊసెత్తేవారు కాదు. సభల్లో మైకు పట్టుకుని, "ఈ పాపం ఎవరిది? ఆ కర్కోటకులు ఎవరు?" అని ఆవిడ గర్జిస్తుంటే, మొదటివరసలో ఇంజనీరుగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుని, అందరితోబాటు "అవునవును, ఎవరు?" అన్నట్టు తల ఊపేవారు.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగుతుండగా ఒక ఆదివారం ఇంజనీరుగారి చెల్లెలు వచ్చింది. నది దిగువన ఆవిడకు కాస్త ఆకుకూరల మడి, ఇంటివెనక ఒక బావి. వస్తూనే వంటింటి గుమ్మంలో కూలబడింది.

"అన్నయ్యా, మా బావిలో నీళ్ళు నిన్న ఎర్రగా వచ్చాయి. మొన్న పచ్చగా. అటుమొన్న ఏం రంగో నాకు పేరు కూడా తెలీదు."

"అది నెమలికంఠం రంగమ్మాయ్!" అంది వదినగారు ఉత్సాహంగా. "నా గుడ్డకూ అదే పడింది. ఎంత లోతుందనుకున్నావ్ అందులో!"

"లోతు మా బావికీ ఉంది వదినా. తాగేది మేము." చెల్లెలు అన్నవైపు తిరిగింది. "చిన్నదానికి ఒళ్ళంతా దద్దుర్లు. డాక్టరేమో నీళ్ళు మార్చమంటాడు. మార్చుకోవడానికి అదేమన్నా చొక్కానా? నువ్వక్కడ అంత పెద్ద ఆఫీసరువి కదా, ఆ మిషనేదో వేయించరాదూ! నీకు పుణ్యముంటుంది."

ఇంజనీరుగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. ఈ చెల్లెల్ని చిన్నప్పుడు వీపున ఎక్కించుకుని తిరిగిన మనిషి ఆయన. "వేయిస్తానమ్మా" అన్నారు. అనడమైతే అన్నారు గానీ, యజమాని గది గుమ్మం తొక్కడమే ఆయనకు గండం. ఇక లోపలికెళ్ళి అడగడమా!

కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, ఆ వారమే యజమానే పిలిపించాడు. మిల్లు గుడ్డ కొనే విదేశీ కంపెనీవాళ్ళు వస్తున్నారట. నీళ్ళు శుభ్రంగా వదులుతున్నారో లేదో కళ్ళారా చూశాకే సంతకాలు పెడతారట.

"ఏమయ్యా ఇంజనీరూ! మనకో శుద్ధి విభాగం ఉందటగా?"

"అది నేనే సార్."

"ఓహో, నువ్వేనా! మరి పనిచేస్తుందా?"

"నేను చేస్తాను సార్. మిషనే చేయదు."

"చేయించవయ్యా మరి! ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అని యజమాని కోప్పడ్డాడు. మిషను ఆపించింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. పెద్దవాళ్ళకు సవాలక్ష పనులుంటాయి.

ఇంజనీరుగారు స్కూటర్లు తీయించారు. పావురాలను బతిమాలి పంపించారు. చొక్కా చేతులు పైకి మడిచి, బెల్టులు మార్చి, తుప్పు గీకి, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని స్విచ్చి వేశారు. మిషను మూలిగింది, దగ్గింది, తిరిగింది! పైపులోంచి తేటనీళ్ళు దూకుతుంటే ఆయన దోసిలి పట్టి, అలా చూస్తూ ఉండిపోయారు. ఆ ఉద్యోగంలో చేరాక తాను పనికొచ్చే మనిషినని అనిపించడం ఆయనకు అదే మొదలు.

నది తేరుకుంది. చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా! బిందె అడుగు కనబడుతోంది! చిన్నది నీళ్ళలో మొహం చూసుకుని ఒకటే నవ్వు!" ఇంజనీరుగారు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, "ఊఁ" అని మాత్రం అన్నారు.

ఆ సంబరం ఇంకా తీరనే లేదు, స్టూడియోలోంచి కెవ్వుమని కేక వినబడింది. పరుగెత్తుకెళ్ళారు. గంగాళం పక్కన భార్య నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమండీ! నదికేదో అయిందండీ!"

"ఏమైంది?"

"బాగుపడింది!" అని బావురుమంది.

తాళ్ళమీద గుడ్డలు మల్లెపూవుల్లా మెరుస్తున్నాయి. లాండ్రీకి వేసినా అంత తెల్లగా రావు. రెండు వారాల్లో ప్రదర్శన. హాలు మాట్లాడారు. ఆహ్వానాలు పంచారు. పేరు "నది ఏడుస్తోంది". తీరా చూస్తే అక్కడ నది శుభ్రంగా నవ్వుతోంది!

"పోనీ బజార్లో రంగులు కొని ముంచరాదూ?" అన్నారు ఇంజనీరుగారు మెల్లగా.

ఆవిడ ఉగ్రరూపం దాల్చింది. "దొంగ కాలుష్యమా? నేనా? నా కళలో మోసానికి చోటు లేదు!" కాసేపాగి గొంతు తగ్గించింది. "మీరు తలుచుకుంటే... ఒక్క రెండు వారాలండీ. నేనేమన్నా నగలడిగానా, చీనాంబరాలడిగానా?"

ఆయన విననట్టు నటించారు. కానీ మర్నాడు ఆఫీసులో బల్లమీద ఒక ఉత్తర్వు కూర్చుని ఉంది. విదేశీ కంపెనీవాళ్ళు చూసి, మెచ్చి, సంతకాలు పెట్టి విమానమెక్కేశారు. భార్యగారి ప్రదర్శన ఖర్చంతా భరిస్తున్నది, చెప్పడం మరిచాను, మన మిల్లే! ఉత్తర్వు ఇలా ఉంది: "కళాప్రయోజనాల దృష్ట్యా, నదీ పరిరక్షణ ప్రదర్శన జయప్రదంగా ముగియువరకు, శుద్ధియంత్రమును తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది."

ఇంజనీరుగారు ధైర్యం కూడదీసుకుని యజమాని గదిలోకి వెళ్ళారు. "సార్, నదిని కాపాడమని ప్రదర్శన పెడుతూ, దానికోసమే నదిని పాడుచేయడం..."

"అదేనయ్యా నీకు తెలియనిది! కాపాడమని అడగాలంటే ముందు అది చెడి ఉండొద్దూ? బాగున్నదాన్ని కాపాడమంటే జనం నవ్వరూ? వెళ్ళు, వెళ్ళి మిషనాపు. కరెంటూ కలిసొస్తుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంజనీరుగారు చెల్లెలికి ఫోను చేశారు. "మిషనుకు కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తున్నామమ్మా. ప్రదర్శన అయిన మర్నాడే మళ్ళీ వేస్తాను. నామీద ఒట్టు."

చెల్లెలు "సరే అన్నయ్యా. నువ్వన్నావుగా" అంది.

స్విచ్చి ఆయనే తీశారు. ఇంకెవరితోనన్నా తీయించవచ్చు, కానీ తప్పు పరాయివాడిమీద వేయడం ఆయన స్వభావం కాదు. అంత మంచివాడు! నది కూడా చెప్పినమాట విని, ఎన్నడూ లేనంత ఎర్రగా పారింది.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. చల్లటి హాలు. పైకప్పు నుంచి గుడ్డలు వేలాడుతున్నాయి, వాటిమీద చిన్నచిన్న దీపాలు. వచ్చినవాళ్ళందరి చేతుల్లో సీసానీళ్ళు. యజమాని ముఖ్య అతిథి. కళావిమర్శకుడు ఒకాయన గడ్డం నిమురుకుంటూ ఒక్కో గుడ్డ ముందు నిలబడి నిట్టూరుస్తున్నాడు. ఆయన నిట్టూర్పు ఎంత పొడుగైతే అంత గొప్ప కళ అని పట్నంలో లెక్క.

అంతలో చంకన ఒక మూటతో చెల్లెలు లోపలికి వచ్చింది. ఎవరివంకా చూడకుండా తిన్నగా అన్నదగ్గరికి నడిచి, మూట విప్పి, ఒక దుప్పటి ఆయన కాళ్ళముందు పరిచింది.

"చూడన్నయ్యా. నీళ్ళు బాగుపడ్డాయని మురిసిపోయి, పెళ్ళయ్యాక మొదటిసారి తెల్లదుప్పటి కొనుక్కున్నా. ఈ రెండు వారాల్లో ఉతికినప్పుడల్లా ఎలా అయిందో చూడు!"

దుప్పటి మీద ఎరుపులో నీలం, నీలంలో పచ్చ. మడతమడతకూ ఒక చార. అంచున తీగమీద ఆరేసిన గుర్తు. ఇంజనీరుగారు వంగి తీయబోయారు. అప్పటికే చుట్టూ జనం మూగారు. జనాన్ని తోసుకుని విమర్శకుడు వచ్చాడు. దుప్పటిని చూశాడు. ఆ సాయంత్రం విడిచినవాటన్నిటికంటే పొడవైన నిట్టూర్పు విడిచాడు!

"ఏం లోతు! ఏం పొరలు! మరి ఈ చిన్నచిన్న ఎర్రచుక్కలు? ఇది అచ్చు పనా, చేతి పనా?"

"చేతి పనే" అంది చెల్లెలు. "మా చిన్నది రాత్రంతా గోక్కుంటుంది. దాని నెత్తురు."

 "జీవం ఉట్టిపడుతోంది!" అన్నాడు విమర్శకుడు. "ఎవరమ్మా ఈ కళాకారుడు?"

చెల్లెలు అన్నకేసి చెయ్యి చూపింది. "ఇదంతా మా అన్నయ్య చేసిందే."

చప్పట్లు మోగాయి! భార్యగారి మొహంలో ముందు కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు, మరుక్షణం తేరుకుని, "మా ఇంట్లో అందరిదీ ఒకే తపనండీ!" అని మైకులో చెప్పేసింది. ఎవరో చెయ్యి పట్టి లాగారు, ఎవరో వెనకనుంచి తోశారు. ఇంజనీరుగారు వేదికమీద తేలారు. యజమాని తన మిల్లుకే గర్వకారణమైన తెల్లపట్టు స్కార్ఫు ఒకటి ఆయన మెడలో వేసి, వీపు తట్టాడు.

"ఇంత కళ నీ చేతిలో ఉందని చెప్పవేమయ్యా! ఆ మిషను ఇక వేయనే వద్దు. నేటినుంచి మన శుద్ధి విభాగమే కళావిభాగం. నువ్వే అధిపతివి. రెండు ముక్కలు మాట్లాడు!"

మైకు చేతికొచ్చింది. కింద చెల్లెలు నిలబడి చూస్తోంది. ఇప్పుడు చెప్పెయ్యాలి. నామీద ఒట్టు వేశాను, రేపు మిషను వేస్తున్నాను, ఎవరేమన్నా సరే! నోరు తెరిచారు. యజమాని నవ్వుతున్నాడు. భార్య కళ్ళతోనే బతిమాలుతోంది.

"ఈ ఘనత నా ఒక్కడిదీ కాదు" అన్నారు ఇంజనీరుగారు. "యాజమాన్యం సహకారం లేకపోతే నదిని ఈ స్థితికి తీసుకురావడం నావల్ల అయ్యేది కాదు."

ఆయన జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

చెల్లెలు దుప్పటి మడతపెట్టుకుంది. మెల్లగా వేదిక ఎక్కింది. అభినందించడానికి వస్తోందనుకుని అందరూ దారి ఇచ్చారు. ఆవిడ అన్న మొహంలోకి చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ చెయ్యిచాచి ఆ పట్టు స్కార్ఫు ఆయన మెడలోంచి తీసుకుంది.

"ఇలా ఇయ్యన్నయ్యా. ఇంత తెల్లగా ఉంటే దీనికేం విలువుంటుంది? మా బావిలో ఒక్కసారి ఉతికి తెచ్చిస్తాను" అంది. స్కార్ఫు మూటలో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంజనీరుగారు బోసిమెడతో అలాగే నిలబడ్డారు. విమర్శకుడు వేదిక దగ్గరికి వచ్చి, ఆయన చెవిలో గౌరవంగా అడిగాడు:

"ఎప్పటికి సిద్ధమవుతుందంటారండీ ఆ స్కార్ఫు? ఇంకెవరికీ మాటివ్వకండి, అది నేను తీసుకుంటాను."