స్టీరింగు ఎన్ని చుట్లు?

కారు స్టీరింగును ఎడమ కొస నుంచి కుడి కొస దాకా తిప్పడానికి ఎన్ని చుట్లు పడతాయి? రెండువేల ఆరో సంవత్సరంలో ఒక ఆదివారం ఉదయం, నిజామాబాదు కంఠేశ్వర్‌లోని తన ఇంట్లో సుమిత్రమ్మ ఈ ప్రశ్న వేసింది. ఎదుట నిలబడ్డ ముగ్గురు మగవారూ బళ్లు నడపడంలో తల పండినవారే. సమాధానం మాత్రం నేటికీ రాలేదు.

ఆ ఉదయపు ఏర్పాటు చాలా సామాన్యమైనది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన సుమిత్రమ్మకు మర్నాడు డ్రైవింగు పరీక్ష. అంతకుముందు రెండుసార్లు ఆమె పరీక్ష మైదానంలో పాతిన గుంజలు పడగొట్టి వచ్చింది. మూడోసారీ తప్పితే ఇంట్లో ఉన్న మారుతి కారును బోధన్‌లో చెరకు పండించే తన తమ్ముడు రాజారాంకు ఇచ్చేస్తానని భర్త ఆత్మారాం ప్రకటించాడు. ఆ తమ్ముడు ఫలితం తెలియకముందే బస్సు దిగి, కారు చుట్టూ తిరిగి, సీట్ల కవర్లు మార్చాలని కూడా నిర్ణయించుకున్నాడు. పుస్తకాల దుకాణానికి వెళ్లాలన్నా, నవీపేట్‌లో ఉన్న చెల్లెలిని చూడాలన్నా సుమిత్రమ్మ ఆత్మారాం తీరిక కోసం కాచుకోవాలి. తీరిక తప్ప మరో పని లేని ఆ మనిషికి, ఆమె అడిగినప్పుడు మాత్రం తీరిక ఉండేది కాదు. కారు పోతే ఇక జీవితాంతం ఆ కాచుకోవడమే మిగులుతుంది.

గుంజలు విరగకుండా నేర్చుకోవచ్చునని ఆత్మారాం కంప్యూటరులో కారు రేసుల ఆట ఒకటి వేయించి, భోజనాల బల్లకు ఒక ప్లాస్టిక్ స్టీరింగు బిగించాడు. కింద పెడళ్లు కూడా ఉన్నాయి. సుమిత్రమ్మ కూర్చుని, మలుపు రాగానే అసలు కారును తిప్పినట్టే తిప్పింది. తెరమీది కారు బొంగరంలా గిరగిర తిరిగింది.

"గింత తిప్పితే గంత తిరుగుడేంది?"

"రేసు బండి సుమిత్రా! జర తిప్పితే మస్తు తిరుగుతది. మన మారుతి లెక్క సెట్ చేస్త, నువ్వు చాయ్ పెట్టుకరా పో," అన్నాడు ఆత్మారాం.

ఆ ఆటలో ఇందుకు రెండు పేజీలున్నాయి. చేతిలోని స్టీరింగు మొత్తం ఎంత తిరగాలో చెప్పేది మొదటిది. స్టీరింగు అంత తిరిగితే ముందు చక్రాలు ఎంత తిరగాలో చెప్పేది రెండవది. రెండూ ఒకదానితో ఒకటి కుదిరితేనే తెరమీది బండి రోడ్డుమీది బండిలా నడుస్తుంది. ఆత్మారాం మొదటి పేజీ మాత్రమే చూశాడు. వాకిట్లోని మారుతి స్టీరింగు పైభాగాన ఎర్రదారం కట్టి, మధ్య నుంచి కుడి కొస దాకా తిప్పి లెక్కపెట్టి, అదే మొత్తమనుకుని వచ్చి నింపాడు. ఎడమ వైపు అనేది ఒకటున్నదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

చాయ్ తెచ్చి సుమిత్రమ్మ మళ్లీ కూర్చుంది. కారు ఈసారి కొంత నెమ్మదిగా తిరిగి, అవతలి గోడకు తగిలింది. ఆమె తన చేతులను అనుమానంగా చూసుకుని, కప్పులు కడగడానికి లోపలికి వెళ్లింది.

"అన్నా, కుడి దిక్కే లెక్కవెడితివి. ఎడమ దిక్కు ఎవడు లెక్కవెడ్తడు?" అని రాజారాం ఆ అంకెను రెట్టింపు చేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కాని పైవాటాలో అద్దెకుండే లారీ డ్రైవరు కాశయ్య సందడి విని దిగివచ్చాడు. "నిజం బండి గింత అల్కగ తిరగది సార్," అంటూ రెండవ పేజీ తెరిచి తన లారీకి తగినట్టు మార్చాడు. మంచినీళ్ల గ్లాసు కోసం అతడు అటు తిరగగానే, రాజారాం దాన్ని చెరకు ట్రాక్టరుకు తగినట్టు ఇంకా మార్చాడు. ఎవరు ఎంత మార్చారో ఇంకొకరికి చెప్పలేదు. నడపవలసిన మనిషికి అసలే చెప్పలేదు.

సుమిత్రమ్మ తిరిగి వచ్చి స్టీరింగు తిప్పింది. కారు పక్కకు మళ్లలేదు. ఇసుర్రాయి తిప్పినట్టు ఇంకా తిప్పింది. కారు తిన్నగా వెళ్లి జనం నిలబడ్డ కంచెలో దూరింది. పరీక్షకు ముందు ప్రశ్నపత్రం మారడం ఆమె ఉద్యోగంలో చూసింది కాని, రాస్తున్న చేతికింద అక్షరాలు మారడం ఎన్నడూ చూడలేదు. అప్పుడే ఆ ప్రశ్న వేసింది.

"స్టీరింగు గీ కొస నుంచి గా కొస దాకా ఎన్ని చుట్లు? ఒక్క మాటల చెప్పుండ్రి."

"గదీ... స్పీడును బట్టుంటది," అన్నాడు ఆత్మారాం.

"లోడును బట్టి, టీచరమ్మా," అన్నాడు కాశయ్య.

"గట్ల లెక్కవెట్టుకుంట నడుపుతరా వదినె? చెయ్యికే ఎర్కుంటది," అన్నాడు రాజారాం.

"అయితే గా చెయ్యినే అడిగి చెప్పు, రాజారాం."

రాజారాం ఆ చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు. సుమిత్రమ్మ మణికట్లకు జండూబామ్ రాసుకుని, తలుపు వేసుకుని పడుకుంది. తప్పు తనదేనని దాదాపు నమ్మింది.

కంప్యూటరుకూ కారుకూ లెక్క కుదరకపోతే తప్పు కంప్యూటరుది కానేరదని వాకిట్లో ముగ్గురూ తీర్మానించారు. కాశయ్య పానా తెచ్చాడు. మారుతి స్టీరింగు ఊడదీసి, లోపల ఏముందో చూసి, ఏమీ తెలియక, తిరిగి బిగించారు. ఎర్రదారం నిట్టనిలువుగా పైకి రావాలని ఆత్మారాం పట్టుబట్టాడు. అలాగే వచ్చింది. కింద చక్రాలు ఆ సమయంలో ఎటు చూస్తున్నాయో వంగి చూసినవారు లేరు.

సోమవారం పరీక్ష మైదానం దాకా కారును సుమిత్రమ్మే నడిపింది. పక్కన ఆత్మారాం, వెనుక రాజారాం. స్టీరింగు పక్కకు తిప్పి పట్టుకుంటేనే కారు తిన్నగా పోతోంది.

"వంకర పట్టినవ్! సీదా పట్టు!" అని ఆత్మారాం అరిచాడు.

"సీదా పట్టితె రోడ్డు పక్క మోరీలకు పోతది."

"దారం పైకుండాలె!"

 నిన్నటి నుంచి ఏ స్టీరింగూ ఆమెకు నిజం చెప్పలేదు. కనుక దాన్ని అడగడం మానేసింది. కళ్లు రోడ్డుమీద ఉంచి, కారు ఎటు పోవాలో అటు పోయేదాకా తిప్పడం మొదలుపెట్టింది. పరీక్షలోనూ అంతే చేసింది. గుంజల నడుమ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం పూర్తయింది. గుంజలన్నీ నిలబడే ఉన్నాయి.

"మేడం, స్టీరింగు వంకరుంది, బండి సీదా పోతుంది. ఇదేం పద్ధతి?" అన్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు.

"స్టీరింగు సంగతి నాకు తెల్వది సార్. నేను తొవ్వ చూస్తున్న."

పాసని ఆయన సంతకం చేశాడు. ఆత్మారాం ఓర్చుకోలేకపోయాడు. "గట్ల పడ్తె పాసెట్ల చేస్తరు సార్? నువ్వు దిగు సుమిత్రా, ఎట్ల పట్టాల్నో చూపిస్త," అని తానే ఎక్కి, ఎర్రదారాన్ని నిట్టనిలువుగా నిలిపి, దాని మీదే చూపు నిలిపి బయలుదేరాడు. కారు ఎంతో మర్యాదగా ఎడమకు మళ్లి, ఒక గుంజను పడగొట్టి, మైదానం అంచున పేర్చిన పాత టైర్లలోకి వెళ్లి ఆగింది.

"దారం సీదనే ఉన్నది సార్!"

"దారం సీదనే ఉంది. బండి ఏడుంది?"

"చక్రాలు సూసుకోకుంట బిగిస్తివి గదనే అన్నా!" అని రాజారాం నోరు జారాడు.

"సూసుడు నీ పని గదరా! పానా పట్టుకొని నిలవడ్డవ్! నిన్న ఆటల అంకెలు మార్చింది గూడ నువ్వే!"

సుమిత్రమ్మకు మొత్తం అర్థమయింది. రాత్రంతా తాను అనుమానించిన చేతులను చూసుకుంది. వాటిలో ఏ లోపమూ లేదు. ఇన్‌స్పెక్టరు ఆత్మారాం లైసెన్సు అడిగి తీసుకుని, జేబులో వేసుకుని, మళ్లీ పరీక్షకు రమ్మని చెప్పాడు.

"దిగుండ్రి," అంది సుమిత్రమ్మ.

ఆత్మారాం దిగి వెనుక సీటులో కూర్చున్నాడు. తనను బోధన్ బస్సు దగ్గర దింపమని రాజారాం చాలా చిన్నగా అడిగాడు. దారిలో ఆమె పుస్తకాల దుకాణం ముందు కారు ఆపింది. ఇద్దరూ కారులోనే కాచుకున్నారు. ఆమెకు తీరిక కుదరడానికి చాలాసేపు పట్టింది.

ఇది చదువుతున్న అమ్మా, నవ్వడం తరువాత పెట్టుకోండి. ముందు లేచి, మీ ఇంటి కారు తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతికి, తెచ్చి మీ దగ్గర ఉంచుకోండి.