దగ్గర సంబంధం

నగరంలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికైనా దారి ఉందని నగరాభివృద్ధి కార్యాలయం సంతోషంతో ప్రకటించింది. అది ఎంత దూరమన్న స్వల్ప విషయాన్ని పౌరుల ఓపికకు వదిలేసింది.

ఈ ఘనతలో సగం ఆ కార్యాలయంలో ప్లాన్లు గీసే స్కేలు మాస్టారిదే. పాత ఊళ్లో ఏ సందులో దూరినా ఇంకో సందులో తేలేవారు. ఈ విచ్చలవిడితనం ఆయనకు గిట్టలేదు. ఊరు పొలాల మీదికి పాకుతున్నకొద్దీ కొత్త కాలనీలన్నీ మూసిన సందులతోనే గీశారు. లోపలికి ఒకటే దారి, బయటికీ అదే. వాటికి 'ప్రశాంత ప్రాంగణాలు' అని పేరు పెట్టినందుకు సన్మానం కూడా జరిగింది. "దారి ఉన్నది తిరగడానికి కాదు, ఇల్లు చేరడానికి" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. సభ వెనక వీధిలోనే ఉండే ఆయన, గంటన్నర ప్రయాణం చేసి వచ్చారు.

మాస్టారికి ఒక్కతే కూతురు. కళ్లెదుట ఉంటుందని వెనక గోడ అవతల, పక్క ప్రాంగణంలోని ఇంటికే ఇచ్చి పెళ్లి చేశారు. దగ్గర సంబంధమని అందరూ మెచ్చుకున్నారు. కారెక్కిన పిల్ల పదకొండు కిలోమీటర్లు తిరిగి గోడ అవతల దిగింది. పెరట్లో నిలబడి, ఆమె దగ్గు విని, క్షేమంగా చేరిందని మాస్టారు తెలుసుకున్నారు. ఆయనకు ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండా గోడకు అటూ ఇటూ నిచ్చెనలు వేయించారు. మొదట కూరగిన్నెలు దాటాయి. తర్వాత పోస్టుమాన్, పాలవాడు, సైకిలు భుజాన వేసుకుని ఒక లెక్కల టీచరు. నెల తిరిగేసరికి పొద్దున్నే పెరట్లో వరస కట్టారు. కార్యాలయం సకాలంలో స్పందించి, నిచ్చెనలకు రహదారి సంఖ్య ఇచ్చి, మెట్టు మెట్టుకూ వేగపరిమితి రాయించింది.

ఒకరోజు వియ్యపురాలు గోడ మీద చిక్కుకుపోయింది.

"అన్నయ్యగారూ, ఊరంతా గీశారు కదా, ఇక్కడో తలుపు గీయలేకపోయారా?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ప్లాను తీసి గోడలో నాలుగడుగుల తలుపు గీశారు. కూతురింటికి నడిచి వెళ్లొచ్చని ఆయనకు ఒళ్లంతా తేలికైపోయింది. నియమం ప్రకారం కార్యాలయం అభ్యంతరాలు ఆహ్వానించింది.

రెండు కాలనీల నుంచీ ఒకే అర్జీ వచ్చింది. 'గోడలకు తలుపులు అత్యవసరం. నగరంలోని అన్ని గోడలకూ పెట్టవలెను, ఈ ఒక్కటి తప్ప.' మొదటి సంతకం కూతురిది.

మాస్టారు అర్జీ పట్టుకుని నిచ్చెనెక్కారు.

"ఏంటమ్మా ఇది?"

"నిచ్చెనకే ఇంతమంది, తలుపు పెడితే ఊరంతా మా వాకిట్లోంచే పోతారు నాన్నా. నీకేం, నిచ్చెన ఉందిగా."

ఆయన గోడ మీదే కూర్చుండిపోయారు. వరసలో ఉన్నవాళ్లు దారికి అడ్డం లెమ్మని కింద నుంచి కసురుకున్నారు. అందరూ అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లే.