గడప దాటిన కుర్చీ

మార్చి పన్నెండో తారీఖు, మంగళవారం. కండక్టరు బాబాయికి ఆ రోజు ఇప్పటికీ గుర్తే. గుర్తుండటానికి కారణం ప్రభుత్వం కాదు, కోడిగుడ్డు. అక్కయ్య ఉడకేసిన రెండు గుడ్లలో ఒకటి పగిలి నీళ్లపాలైంది. మిగిలినదాన్ని ఆవిడ దారంతో రెండుగా కోసి, పచ్చసొన ఎక్కువున్న ముక్కను తమ్ముడి రొట్టె మీద పెట్టింది. ఆ రోజు అతనికి దక్కిన మంచి అంతటితో సరి.

వీధి వీధంతా అతన్ని కండక్టరు బాబాయి అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లు బస్సులో జనాన్ని కూర్చోబెట్టి తను నిలబడ్డ మనిషి. మోకాళ్లు ఉద్యోగంతోపాటే రిటైరయ్యాయి. భార్య పోయాక, అంతకుముందే ఒంటరైన అక్కయ్య వచ్చి తోడుంటోంది. ఇంటి ముందుగదికి కిటికీ లేదు. ఉన్న కాస్త చోటూ అక్కయ్య కుట్టుమిషనుది. అందుకని సాయంత్రం కాగానే అతను గడప బయట, గోడవారగా చెక్క కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చల్లగాలి తగిలేది. వచ్చేపోయేవాళ్లు పలకరించేవారు. ఇరవై నాలుగు గంటల్లో అతను తనదనుకునేది ఆ కాస్త పొద్దే.

ఆ ఉదయం అతను పెట్టుకున్న పనల్లా కుర్చీ కాలికి మేకు కొట్టడం. కొడుతుండగా వార్డు ఆఫీసు గుమాస్తా వచ్చి పక్కన నిలబడ్డాడు. మెత్తటి మనిషి, మొహమాటస్తుడు.

"బాబాయిగారూ, ఈ కుర్చీ ఎవరిదండి?"

"నాదే బాబూ. కాలు ఊగుతోంది. దానికీ నా జబ్బే."

"లోపలుంటే మీదేనండి. బయటుంటే మాత్రం కాదు." గుమాస్తా చిన్నబోయిన మొహంతో జేబులోంచి కాగితం తీశాడు. "రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు. గడప దాటిన వస్తువు వీధిది. వీధిలో వస్తువు ప్రభుత్వానిది."

"నేనూ గడప దాటే ఉన్నానుగా. నేనూ ప్రభుత్వం వాడినేనా?"

"మీరు రిటైరయ్యారు కదండీ," అన్నాడు గుమాస్తా, ఏ వెటకారమూ లేకుండా.

సాయంత్రం లారీ వస్తుందట. బయట కనిపించినవన్నీ ఎత్తుకుపోతుందట. బాబాయి మోకాలి మీద చెయ్యి వేసుకుని కుర్చీ వంక చూశాడు. ఆ చూపుకి గుమాస్తా కరిగిపోయాడు. కాగితం అటూ ఇటూ తిప్పి ఒక సందు కనిపెట్టాడు.

"సొంత కుర్చీకి అనుమతి లేదండి. ప్రజా విశ్రాంతి స్థలానికైతే ఉంది. ఊరికే పేరుకే. కూర్చునేది మీరేగా."

బాబాయి సంతకం పెట్టేశాడు. లోపలికెళ్లి చెబితే అక్కయ్య మిషను ఆపి తలెత్తింది.

"వెనకటికెవడో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నాట్ట. ఒరే, పేరుకే అని ఎవడైనా అన్నాడంటే ఆ పేరే మన కొంప ముంచుతుంది."

"నువ్వు ప్రతిదానికీ అపశకునం పలుకుతావక్కా."

"నేను పలకడం లేదు. వాళ్లు రాసుకున్నారు."

రెండు రోజులకి గుమ్మం మీద బోర్డు వెలిసింది. 'ప్రజా విశ్రాంతి స్థలం. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు.' బోర్డు ఉంటే నీడ ఉండాలి కనుక రేకుల షెడ్డు వేశారు. దాంతో వచ్చే గాలి ఆగిపోయింది. నీడ ఉన్నచోట నీళ్లుండాలని డ్రమ్ము పెట్టారు. ఒక్క కుర్చీ వేసి ప్రజలంటే బాగోదని రెండు బెంచీలు దింపారు. అడగకుండానే పిలిచి పీట వేసే ప్రభుత్వాన్ని బాబాయి అంతవరకూ చూడలేదు.

ఆ సాయంత్రం బయటికి వచ్చేసరికి అతని కుర్చీలో ఎవరో కాళ్లు చాపుకుని పల్లీలు తింటున్నాడు.

"కాస్త లేస్తారా? అది నా కుర్చీ."

"పైన బోర్డు చదువుకో పెద్దాయనా," అన్నాడు అతను, తొక్క గడపలోకి ఊదుతూ.

బాబాయి వార్డు ఆఫీసుకి నడిచాడు. గుమాస్తా లేచి తన కుర్చీ ఇచ్చి, మెల్లగా చెప్పాడు.

"సంతకం పెట్టారు కనుక నిర్వాహకులు మీరే కదండీ. నిర్వాహకులు కూర్చుంటే సొంత వాడకం కిందకొస్తుందట. నిలబడొచ్చు."

"నిలబడొచ్చా?"

"అంటే, నిలబడాలండి. అదే డ్యూటీ."

ఆ మాటకి బాబాయి మోకాళ్లు రెండూ ఒకేసారి సలిపాయి. తనకు విశ్రాంతీ వద్దు, స్థలమూ వద్దు, మొత్తం తీసేయమన్నాడు. గుమాస్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్కటే దారండి. శుక్రవారం తనిఖీ అధికారి వస్తారు. ఆయన వచ్చినప్పుడు అక్కడ పురుగు కూడా ఉండకూడదు. జనం లేకపోతే, అక్కర్లేదని రాసి అన్నీ పీకించేస్తారు."

శుక్రవారం అక్కయ్య నడుం బిగించింది. బెంచీలూ కుర్చీ తడిగుడ్డతో తుడిచి, ఎవరొచ్చినా "కొత్తగా రంగేశారు నాయనా, అంటుకుంటుంది, బట్టలు పాడవుతాయి" అంటూ తరిమేసింది. పల్లీల మనిషి అనుమానంగా వేలితో ముట్టుకోబోతే, "ముట్టుకో, ఆ వేలి రంగు ఇక కడిగినా పోదు" అంది. అతను వేలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అధికారి వచ్చేసరికి అక్కడ నిజంగానే పురుగు లేదు. ఆయన షెడ్డు కింద నిలబడి, ఖాళీ బెంచీల్ని చూసి పెదవి విరిచాడు. కలం తీశాడు. "అనవసరం" అనే మాటలో మొదటి అక్షరం పడింది కూడా. గడప లోపల నిలబడి బాబాయి ఆ కలం వంకే చూస్తున్నాడు.

అప్పుడు వాన మొదలైంది. చినుకు చినుకుగా కాదు, కుండపోతగా. వీధిలో ఉన్నవాళ్లంతా ఒక్క పరుగున షెడ్డు కిందకి దూరారు. బుట్టలతో ఆడవాళ్లు, సంచులతో మగవాళ్లు, సైకిళ్లతో సహా కొందరు. అధికారి కలం పట్టుకునే గుమ్మంలో ఇరుక్కుపోయాడు. ముందువాళ్లు కదలరు, వెనకవాళ్లు తోస్తున్నారు.

గుమ్మంలో జనం ఇరుక్కోవడం కళ్లపడగానే బాబాయిలో ముప్పై ఏళ్ల నౌకరీ తన్నుకొచ్చింది.

"లోపలికి జరగండి, లోపలికి. ముందు బోలెడంత ఖాళీ ఉంది. గుమ్మంలో నిలబడొద్దు. ఆ సంచీ ఒళ్లో పెట్టుకోమ్మా. సార్, మీకే చెప్పేది, జరగాలి, జరగాలి."

జనం జరిగారు. చూస్తుండగానే ముందుగది నిండిపోయింది. సార్ కూడా జరిగి జరిగి కుట్టుమిషను స్టూలు మీద తేలాడు. అక్కయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అధికారి అక్కడే కూర్చుని, వాన వెలిసేదాకా చుట్టూ చూసి, రాసింది కొట్టేసి కొత్తగా రాయడం మొదలెట్టాడు.

"స్వచ్ఛందంగా సొంత గది ప్రజలకిచ్చిన పౌరుణ్ణి నా సర్వీసులో ఇప్పుడే చూడటం," అన్నాడు, నిజంగా చెమ్మగిల్లిన గొంతుతో.

"అది నోటి అలవాటండి సార్."

"మంచి అలవాటు. పోనివ్వకండి."

వారం తిరక్కుండా షెడ్డు, డ్రమ్ము మరో వీధికి తరలిపోయాయి. వీధిలోని విశ్రాంతి స్థలం రద్దయింది. బోర్డు, బెంచీలు, బాబాయి కుర్చీతో సహా అది ముందుగదిలోకి మారింది. గది తలుపు తీసేందుకూ మూసేందుకూ ఒక వాచ్‌మన్‌ని వేశారు. కుట్టుమిషను పొయ్యి పక్కకి చేరింది. ఇంటివాళ్లు పెరటి తలుపున తిరగసాగారు.

"ఆ నోటికి తాళం వేయించుకోరా," అంది అక్కయ్య, గిన్నెల మధ్య రవిక కుడుతూ. "రేపు పెరట్లో గుంపు చూశావంటే వంటిల్లూ ఇచ్చేస్తావు. అప్పుడు మనం ప్రజల ఇళ్లకి పోయి పడుకోవాలి."

బాబాయి మళ్లీ గుమాస్తానే అడిగాడు. "నా ముందుగదిలోకి నేను రావొచ్చా బాబూ?"

"నిక్షేపంగా రావొచ్చండి. ఇప్పుడు నిర్వాహకుడు వాచ్‌మన్. మీరు మళ్లీ ప్రజలే." గుమాస్తా మొహం వెలిగిపోయింది. అతను చెప్పగలిగిన శుభవార్త ఈ వ్యవహారం మొత్తంలో అదొక్కటే.

ఆ సాయంత్రం బాబాయి వీధి వైపు నుంచి, చెప్పులు బయట విడిచి, తన ఇంట్లోకి అడుగుపెట్టాడు. మూలన తన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాడు. గాలి లేదు, పలకరింపూ లేదు. అయినా కాళ్లకి మాత్రం హాయిగా ఉంది. ఎనిమిదవుతుండగా వాచ్‌మన్ వచ్చి వినయంగా దగ్గాడు.

"లేవాలండి. టైమైంది."

"ఇది నా ఇల్లయ్యా."

"తెలుసండి. ఎనిమిదైంది."

బాబాయి లేచి బయటికి నడిచాడు. వెనకే వాచ్‌మన్ కుర్చీ ఎత్తుకొచ్చి గోడవారగా పెట్టాడు.

"దీనికి ఆఫీసు నంబరు లేదండి. లోపలుంటే నాకు మాటొస్తుంది. ఇక బయటే ఉంచుకోండి."

"బయటుంటే లారీవాళ్లు ఊరుకుంటారా?"

"ఈ గుమ్మం ముందు అన్నీ తీసేశామని వాళ్లు ఎప్పుడో రాసుకున్నారండి. తీసేసిన చోటికి మళ్లీ ఎవరొస్తారు?"

బాబాయి ఆ మాటని రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా తప్పు కనిపించలేదు. కూర్చున్నాడు. షెడ్డు లేని వీధిలోంచి చల్లగాలి నేరుగా వచ్చి తగిలింది. పాల డబ్బాతో పోతున్నావిడ "కనబడి చాన్నాళ్లయింది బాబాయ్" అని పలకరించింది.

వెనక వాచ్‌మన్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, తాళం పెట్టి, ఇంటి యజమానికి మర్యాదగా చెప్పాడు.

"మళ్లీ పొద్దున్న ఎనిమిదికి తీస్తామండి."