గొట్టం మీద క్లావే

శాంటియాగోలో ఆ ఆదివారం పొద్దున్న లియోన్సియో వేసుకున్న ఎత్తు చాలా చిన్నది: మధ్యాహ్నం భోజనాల వేళకి క్లావే అనే తాళం పట్టుబడాలి, అంతే. రొట్టెల బట్టీలో ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులాయె, బొంగోల జోడు డప్పుల మీద దెబ్బ గట్టిగానే పడేది. పడాల్సిన చోట మాత్రం పడేది కాదు. ఆ తాళం నడక మూడు దెబ్బలు, ఆనక రెండు. అందరూ మూడులో ఉంటే ఇతను రెండులో ఉండేవాడు, కాడికి కట్టిన ఎద్దులు చెరో దిక్కూ లాగినట్టు.

పై వాటాలో ఉండే మిగ్దాలియాని చేసుకోవాలని అతని ఆశ. ఆమె తల్లి తోమాసా ముసలమ్మ మాట ఒకటే: "ఇవాళ నా పుట్టినరోజుకి వాయించమను. క్లావే తప్పాడా, ఇక పిల్ల ఊసెత్తొద్దను."

"చేతుల్తో వెతికితే దొరకదయ్యా అది," అంది మిగ్దాలియా పైనుంచి. "ముందు చెవిలో కూర్చోవాలి. బొంగోలు పక్కన పెట్టి, దేనిమీదైనా ఉత్త క్లావే కొట్టుకో."

చేతికి చెంచా దొరికింది. ఎదురుగా నీళ్ళ గొట్టం. కొట్టాడు.

ఆ లోగిట్లో కాపురాలన్నిటికీ అదొక్కటే గొట్టం. నీళ్ళెప్పుడొస్తాయో దేవుడికే తెలియదు కనుక, వచ్చినట్టు ముందు చూసినవాళ్ళు గొట్టం మీద కొట్టి అందరికీ చెప్పడం ఆనవాయితీ. క్లావే ధ్యాసలో లియోన్సియో ఆ మాటే మరిచాడు.

చెంచా మోగిందో లేదో, సగం గడ్డం గీసుకున్న అన్సెల్మో నురగ మొహంతోనే పరిగెత్తాడు. అందరూ కుళాయిలు తిప్పారు. గాలి బుస్సుమంది. చప్పుడు విని పక్కింటివాళ్ళు తమ గొట్టం కొట్టారు, వీధంతా అందుకుంది. తన విద్యకి వంత పాడుతున్నారనుకుని లియోన్సియో మరింత హుషారుగా వాయించాడు.

"వాళ్ళకొచ్చి మనకి రాలేదంటే, మన నీళ్ళు లాగేసుకుంటున్నారన్నమాట," అన్నాడు అన్సెల్మో.

తిప్పిన కుళాయి కట్టెయ్యాలన్న తెలివి ఒక్కరికీ లేకపోయింది. ఖాళీ బకెట్లు పట్టుకుని పక్కింటి మీదికి బయల్దేరారు. తీరా మెట్ల కింద చెంచాతో లియోన్సియో.

"నువ్వా కొట్టింది? నీళ్ళేవయ్యా?"

"నీళ్ళు కాదు... క్లావే," అన్నాడతను.

"క్లావేతో అంట్లు తోముకోమంటావా?"

బకెట్లు బోర్లించి, వాటిని బాదుతూ కోపమంతా చూపించారు. ముసలమ్మ మెట్టు మీద కర్రతో పొడిచింది. అయితే ఆ ఊళ్ళో కోపం కూడా క్లావే దాటదు: మూడు, రెండు, మూడు, రెండు. భయంతో చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక లియోన్సియో వాటిని బొంగోల మీద పెట్టాడు. లెక్కపెట్టుకునే ధైర్యం లేదు. పిండి పిసికినట్టు చేతులు వాటంతటవే సాగాయి. పొద్దుటినుంచీ పట్టుకుందామంటే దొరకని క్లావే నలుగురిలోంచీ వచ్చి తనే అతన్ని పట్టుకుంది. తిట్లు పాటయ్యాయి. ముసలమ్మ నడుం కదిలింది.

సరిగ్గా అప్పుడొచ్చాయి, నిజం నీళ్ళు. తెరిచి ఉన్న కుళాయిల్లోంచి పొంగి, గదులు దాటి, మెట్లు దిగి ముసలమ్మ చెప్పులు తడిపాయి. నీళ్ళు పట్టుకుందామని అన్సెల్మో తన బకెట్ తిరగెయ్యబోయాడు.

"దాని మీంచి చెయ్యి తీశావంటే విరిచేస్తా," అంది ముసలమ్మ. "నీళ్ళు మళ్ళీ వస్తాయి. నువ్వు బొంగోలు ఆపకు, అల్లుడూ."

ఆ రోజు వీధిలో ప్రతి ఇంటా బకెట్లు నిండాయి, సంగీతం తెలిసిన ఆ ఒక్క ఇంట్లో తప్ప.