అంగుళాల వెర్లిన్ వాకిట్లో వద్దు బోర్డు

ఆ ఊళ్లో వెర్లిన్ ఇల్లెక్కడ అంటే ఏ వెర్లిన్ అని అడుగుతారు. అంగుళాల వెర్లిన్ అంటే మాత్రం పళ్లు కొరుకుతూ చూపిస్తారు. మినెసోటాలోని ఆ చిన్న ఊరి మునిసిపాలిటీలో ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే: టేపు పట్టుకుని ఇంటింటి ముందూ గడ్డి కొలవడం, చట్టం చెప్పిన ఎత్తుకన్నా అంగుళం ఎక్కువుంటే తలుపుకి జరిమానా కాగితం అంటించడం. పాస్టరుగారి తలుపుకీ అంటించాడు. సొంత బావమరిది చనిపోయిన వారంలోనే ఆ ఇంటి తలుపుకీ అంటించాడు. ఆయన రిటైరైన రోజు ఊరంతా కేకు కోసుకుంది, ఆయన్ని పిలవకుండా.

అలాంటి మనిషిని భరించగలిగింది భార్య లవోన్ ఒక్కతే. భరించిందంటే ఊరికే కాదు, పొద్దున్న కాఫీతో మొదలుపెట్టి రాత్రి దీపం ఆర్పేదాకా దులిపేస్తూ భరించింది. రెండేళ్లుగా ఆవిడ మూత్రపిండాలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు వెర్లిన్ ఆవిడని కారులో కౌంటీ ఆసుపత్రికి తీసుకెళ్తాడు. డయాలసిస్ అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుని, ఆసుపత్రి పచ్చిక ఏపుగా పెరిగిందని గొణుక్కుంటాడు.

ఆ శరదృతువులో పిడుగులాంటి వార్త వచ్చింది. డయాలసిస్ గది నడవాలంటే కౌంటీ జనం కొత్త పన్నుకి ఒప్పుకోవాలి. నవంబరులో ఓటింగు. ఓడిపోతే గది మూత, ఆ తర్వాత మంచులో రెండు గంటలు బండి నడుపుకుంటూ నగరానికి పోవడమే గతి.

"అంత దూరం నన్ను ఈడ్చుకెళ్లకు. గది మూసేస్తే మానేస్తాను" అంది లవోన్, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.

మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎన్నికలప్పుడు అక్కడ అందరూ చేసేటట్టే, వెర్లిన్ మర్నాడే పన్నుకి 'అవును' అన్న బోర్డు తెచ్చి వాకిట్లో గడ్డిలో పాతాడు. సాయంత్రానికి ఎదురింటి క్లిఫర్డ్ తన వాకిట్లో 'వద్దు' బోర్డు పాతాడు. ఆ క్లిఫర్డ్ గుండెకి ప్రాణం పోసింది ఆ ఆసుపత్రే. చూస్తుండగానే వీధి సగం 'వద్దు' అయిపోయింది. వెర్లిన్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు.

"నీ వాకిట్లో బోర్డు చూసి ఓటెవరేస్తారు? నువ్వు మంచినీళ్లు మంచివంటే ఈ ఊరు దాహంతో చస్తుంది" అంది లవోన్.

ఆవిడ నవ్వుతాలకే అంది. వెర్లిన్ బుర్రలో మాత్రం దీపం వెలిగింది. ఊరు తను చెప్పినదానికి ఎదురు తిరిగేటట్టయితే, తనే ఎదురు చెబితే సరిపోతుంది. లవోన్ ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ కుర్చీలో కూర్చున్న సమయంలో ఇంటికొచ్చి, 'అవును' పీకి 'వద్దు' పాతాడు. భార్యకి చెప్పలేదు. ఆవిడ చెవిన పడ్డది నర్సు చెవిన పడుతుంది, నర్సు చెవిన పడ్డది కౌంటీ అంతా పాకుతుంది.

ఇంటికొస్తూనే లవోన్ కారు దిగి నిలబడిపోయింది.

"అదేంటి?"

"బోర్డు."

"వద్దు అని ఉంది."

"చదవడం వచ్చుగా నీకు."

"పొరపాటున తెచ్చావా, వెర్లిన్?"

"ఆలోచించే తెచ్చాను. నీకు రాజకీయాలు తెలియవు, వదిలెయ్."

లవోన్ ఆయన మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ ప్రాంతంలో ఎవరూ ఏదీ రెండోసారి అడగరు. కన్నతండ్రి పోయినా వాతావరణం గురించే మాట్లాడుకుంటారు. కోపమో ప్రేమో చెప్పాలంటే ఒక వంటకం చేసి గిన్నెతో పంపుతారు, లేదా వాకిట్లో బోర్డు పాతుతారు.

పథకం పారింది. క్లిఫర్డ్ ఆ సాయంత్రమే తన 'వద్దు' పీకి 'అవును' పెట్టాడు. ఎన్నో ఏళ్లుగా మాట్లాడనివాడు రోడ్డు దాటి వచ్చి మరీ, గడ్డి సంగతి క్షమించాను గాని ఇది క్షమించనన్నాడు. వెర్లిన్ తలవంచుకుని విన్నాడు, లోలోపల ఇంకో ఓటు జమ వేసుకున్నాడు. మంచి ఊపులో ఉండి మరో రెండు పెద్ద 'వద్దు' బోర్డులు పాతాడు. ఎవరో వాటిని కోడిగుడ్లతో కొట్టారు. ఆ సొన తుడవకుండా అలాగే ఉంచి, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా తిప్పి పెట్టాడు.

వీధంతా 'అవును' బోర్డులు మొలిచాయి. ఆడవాళ్లు లవోన్ కోసం వేడి వేడి గిన్నెలు మోసుకొచ్చి, వెర్లిన్ వైపు చూడకుండా ఆవిడ భుజం నిమిరి పోయేవాళ్లు. ఆ గిన్నెలన్నీ ఖాళీ చేసింది వెర్లినే. లవోన్ తినడం తగ్గించింది. కిటికీ దగ్గర అల్లిక పట్టుకుని కూర్చునేది, కాని అల్లేది కాదు. ఆయన్ని తిట్టడమూ మానేసింది. రోజూ తిట్లు తిన్న మనిషికి అవి ఆగిపోయిన సంగతైనా తట్టాలి. ఆ మహానుభావుడు మాత్రం ఇంట్లో ఇన్నాళ్లకి ప్రశాంతంగా ఉందనుకున్నాడు.

ఓటింగు రోజున ఆవిడని ఓట్లు వేసే చర్చి నేలమాళిగకి చేయిపట్టుకుని తీసుకెళ్లాడు. పక్క బల్ల దగ్గర ఆవిడ చకచకా గుర్తుపెట్టి కాగితం మడిచేస్తే, ఎంత పట్టుదలగా వేసిందో అని మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న రేడియో చెప్పింది: పన్ను గెలిచింది, గది ఉంటుంది. వెర్లిన్ కాఫీ ఒలికిపోయేలా బల్ల చరిచి, పథకమంతా మొదటి నుంచీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఊరిని ఎలా ఆడించాడో, క్లిఫర్డ్ ఎలా వలలో పడ్డాడో అభినయించి మరీ చూపించాడు.

లవోన్ నవ్వలేదు.

"నేను వద్దు వేశాను" అంది.

వెర్లిన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"వీధి వీధంతా నేనుండాలంటోంది. నన్ను రోజూ మోసే నువ్వొక్కడివే వద్దంటున్నావు. ఒకటి చాలక మూడు బోర్డులు పెట్టావు. అలిసిపోయావనుకున్నాను, వెర్లిన్. పోనీలే, ఇతనికైనా సుఖం ఉండనీ అనుకున్నాను. శుక్రవారం నుంచి రానని నర్సుకి చెప్పేశాను. నా కుర్చీ ఇంకెవరికైనా ఇమ్మన్నాను."

ఊరంతటినీ తన బోర్డుతో ఆడించానని విర్రవీగిన మనిషికి, ఆ బోర్డు చెప్పింది చెప్పినట్టు నమ్మిన ఓటరు తన ఇంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది. లేచి బోర్డులు పీకడానికి తలుపు వైపు పరుగెత్తాడు.

"కూర్చో" అంది లవోన్. "ఇన్నాళ్లూ బోర్డుతో చెప్పావుగా. ఇప్పుడు నోటితో చెప్పు."

వెర్లిన్ నోరు తెరిచాడు. కాపురం మొత్తంలో అలాంటి మాట ఎప్పుడూ అనలేదు కనుక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బయట చలి బాగా పెరిగిందని ఒకసారి అనబోయి, ఆవిడ చూపు చూసి మింగేశాడు.

"నువ్వుండాలి" అన్నాడు చివరికి. "నాకు నువ్వుండాలి, లవోన్."

ఆవిడకి బాగానే వినపడింది. అయినా వినపడలేదంది. వెర్లిన్ మళ్లీ చెప్పాడు, ఎదురింటికి వినపడేలా.