నీలం వీధి

"ఇకమీదట ఈ పట్టణంలో ఒక్క నీటిబొట్టు కూడా మా కళ్లుగప్పి పోదు" అని ప్రకటించి మంత్రిగారు మీట నొక్కారు. గోడంత తెర మీద పట్టణమంతా వెలిగింది. నీళ్లొచ్చే వీధులు నీలం, రానివి ఎరుపు. ఎరుపు ఎక్కడా లేదు. చప్పట్లు కొట్టాం. మా వీధిని అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ వీధిలో కొళాయిలు ఎండిపోయి నెల దాటింది. ఆఖరికి మా వదిన నన్ను వెంటబెట్టుకుని మ్యాపుల ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, తెర మీద మా ఇంటిని పెద్దది చేసి చూపించాడు.

"ఇదేగా మీ ఇల్లు? నీళ్లు వస్తున్నాయి కదమ్మా."

"అందులో వస్తున్నాయి బాబూ. ఇంట్లో రావట్లేదు. పసిదాని పాలసీసా కడగడానికి కూడా లేవు. ట్యాంకరన్నా పంపండి."

"ట్యాంకర్ ఎర్ర వీధులకే వెళ్తుందమ్మా."

"అయితే మాకూ ఎరుపు వెయ్యండి."

"ఫిర్యాదు నమోదైతే అదే ఎర్రబడుతుంది."

"మరి నమోదు చేసుకోండి."

"నీలం వీధి ఫిర్యాదు సిస్టం తీసుకోదు."

వదిన కుర్చీలోంచి కదల్లేదు. "మీరే వచ్చి కొళాయి తిప్పండి. చుక్క రాలితే మళ్లీ మీ గడప తొక్కను" అంది. భోజనం వేళ దాటిపోతోంది. ఆయన దయతలచి బయల్దేరాడు.

ఫోనులో మ్యాపు చూసుకుంటూ మా వీధిలో నడిచాడు.

"బాబూ, ఆగండి. ముందు మ్యాన్‌హోల్ ఉంది, మూత లేదు" అంది వదిన.

"ఇక్కడ మ్యాన్‌హోల్ లేదమ్మా" అని ఓపిగ్గా చెబుతూనే ఆయన అందులోకి దిగిపోయాడు.

తాడు వేసి పైకి లాగాం. నిలువెల్లా మురుగు. "కాసిని నీళ్లు పొయ్యండి" అన్నాడు. వదిన కొళాయి తిప్పింది. అది కాసేపు బుసకొట్టి ఊరుకుంది.

ఆయన ఫోను మురుగులోనే ఉండిపోయింది కనక నా ఫోను తీసుకుని ఎవరితోనో మాట్లాడాడు. ఇట్టే ట్యాంకర్ వచ్చి ఆయన్ని తలారా కడిగింది. వీధివాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చేసరికి డ్రైవర్ గొట్టం చుట్టేశాడు.

"నీలం వీధి కదన్నా. పోస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు నాతో.

పై వారం మంత్రిగారు ఇంజనీరు మెడలో పతకం వేశారు. ఇంత లోతుకు దిగి క్షేత్రపరిశీలన చేసిన అధికారిని తాను చూడలేదన్నారు. ఇప్పుడు మ్యాన్‌హోల్ కూడా మ్యాపులోకి ఎక్కింది, మూతతో సహా.

అసలు మూత ఇంకా రాలేదు. పిల్లలు పడకుండా వదిన ఇంట్లోంచి నీళ్ల డ్రమ్ము దొర్లించుకొచ్చి దాని మీద బోర్లించింది.

"ఊరికే ఉంటోందిగా" అంది.